డ్యూరర్ రెక్క పద్ధతి: పునరుజ్జీవన కాలపు శైలిలో పక్షి బొమ్మ వేయడం ఎలా

వియన్నాలోని ఆల్బర్టీనా మ్యూజియంలో అరచేతికి కాస్త పెద్దదైన ఒక బొమ్మ ఉంది. కొలత 19.6 × 20.1 సెంటీమీటర్లు. చర్మపత్రం మీద నీటిరంగులతో వేసిన ఒకే ఒక్క రెక్క. పక్షి లేదు, కొమ్మ లేదు, ఆకాశం లేదు. వేసింది జర్మనీలోని న్యూరెంబర్గ్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ (1471–1528). బొమ్మ మీద 1512 అని ఉంటుంది, కానీ అది 1500 ప్రాంతంలోనే వేసిందని వాదించే పండితులూ ఉన్నారు. ఆ రెక్క ఐరోపా పాలపిట్టది. మన పాలపిట్టకు దగ్గరి చుట్టం. రెండూ కొరాసియాస్ ప్రజాతిలోవే. మనది కొరాసియాస్ బెంగాలెన్సిస్, తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు కనిపిస్తే చాలని జనం ఎదురుచూసేది. ఆయన వేసింది కొరాసియాస్ గారులస్.

ఈ బొమ్మ చూసినవాళ్లు చాలామంది మొదట నీలం రంగు ట్యూబు వెతుక్కుంటారు. అక్కడే దారి తప్పుతుంది. నీలం మొత్తం తీసేసి నలుపు తెలుపుల్లో చూడండి, ఆ రెక్క అలాగే నిలబడుతుంది. దాన్ని నిలబెడుతున్నది ఏ ఈక ఏ ఈక కింద దూరిందో ఒక్కచోట కూడా తడబడకుండా చూపించిన క్రమం. కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతిలో సగం పని అయ్యేదాకా రెక్కకు రంగు వేయం. ఓపిక ఉంటేనే మొదలుపెట్టండి.

ఆ కాలం వాళ్లకు బొమ్మ ఎందుకు కావాల్సి వచ్చింది

పదహారో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఐరోపాలో పక్షుల మీద పెద్ద పెద్ద పుస్తకాలు అచ్చయ్యాయి. జ్యూరిక్‌లో కాన్రాడ్ గెస్నర్ జంతు చరిత్రలోని పక్షుల సంపుటం, పారిస్‌లో పియెర్ బెలోన్ పుస్తకం ఒకే ఏడాది, 1555లో, వచ్చాయి. బెలోన్ మనిషి ఎముకల గూడునూ పక్షి ఎముకల గూడునూ పక్కపక్కన నిలబెట్టి, ఏ ఎముకకు ఏది సాటి అన్నది గుర్తులు పెట్టి చూపించాడు. తర్వాత బొలోనియాలో ఉలిస్సే ఆల్డ్రోవాండి 1599, 1600, 1603 సంవత్సరాల్లో మూడు సంపుటాలు తెచ్చాడు. వీళ్ల అవసరం ఒకటే: ఒక ఊళ్లో గీసిన బొమ్మ చూసి ఇంకో ఊళ్లోవాడు ఆ పక్షిని గుర్తుపట్టాలి. అందుకే వెనక దృశ్యం ఉండదు, పక్షి పక్కకు తిరిగి ఉంటుంది, ముక్కూ కాళ్లూ స్పష్టంగా కనిపిస్తాయి. అందం కోసం వేసిన బొమ్మకూ ఆనవాలు కోసం వేసిన బొమ్మకూ తేడా ఇదే. మనం వేయబోయేది రెండో రకం.

మొదటి అడుగు: ఎదురుగా ఏం పెట్టుకోవాలి

ఫోటో చూసి వేయొద్దు. కనీసం మొదటి బొమ్మ వద్దు. ఫోటోలో ఒక ఈక అంచును పైకెత్తి కింద ఏముందో చూడలేరు. ఈ పద్ధతికి అలా ఎత్తి చూడటమే ఆధారం.

పాలపిట్ట రెక్క కోసం మాత్రం వెతకొద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, చంపడం, పండగకు పంజరంలో పెట్టి చూపించడం అన్నీ నేరాలే. దారిలో చచ్చిపడిన అడవి పక్షిని ఇంటికి తెచ్చుకోవడం కూడా వద్దు. చట్టం ఒక కారణం, బర్డ్ ఫ్లూ ఇంకో కారణం.

నాటుకోడి దుకాణానికి వెళ్లండి. ఈకలు పీకకముందే ఒక రెక్కను భుజం కీలు దగ్గర కోసి ఇమ్మని అడగండి. దుకాణంవాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. పుంజు రెక్క అయితే నలుపు, ఎరుపు, ఆకుపచ్చ మెరుపు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. బాతు రెక్క దొరికితే ఇంకా మంచిది. ఐరోపా చిత్రకారుల చేతికి కూడా చాలా పక్షులు వేటగాళ్ల నుంచీ సంతల నుంచీ వచ్చినవే, కాబట్టి కోడి రెక్క అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

తెచ్చాక చేతికి గ్లౌజులు వేసుకుని నెత్తుటి మరకలను తడిగుడ్డతో తుడవండి. ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూటకట్టి ఒకటి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే పేలు, పురుగులు చస్తాయి. వంటసామాను పక్కన పెట్టకండి. తర్వాత బయటికి తీసి, థర్మోకోల్ పలక మీద రెక్కను విప్పి, ఈకలకు గుచ్చుకోకుండా కాడల పక్కన గుండుసూదులు గుచ్చి నిలపండి. మాంసం కనిపించే కోత దగ్గర వెలిగారం పొడి దట్టంగా అద్దండి. ఎండలో పెట్టొద్దు, గాలి ఆడే నీడలో ఉంచండి. చీమలు పట్టకుండా పలకను నీళ్ల పళ్లెంలో పెట్టిన గిన్నె మీద ఉంచితే సరి. వారం పది రోజుల్లో కీళ్లు బిగుసుకుంటాయి. ఇక ఆ రెక్క చాలాకాలం అదే భంగిమలో ఉంటుంది.

రెండో అడుగు: వెలుతురు, కుర్చీ

బల్లను ఉత్తరం కిటికీ దగ్గర వేసుకోండి. ఏడాదిలో ఎక్కువకాలం ఎండ నేరుగా పడదు, నీడ గంటగంటకూ అంతగా జరగదు. కుడిచేత్తో గీసేవాళ్లకు వెలుతురు ఎడమవైపు పైనుంచి రావాలి, లేకపోతే చేతి నీడ కాగితం మీద పడుతుంది. ట్యూబ్‌లైట్ ఆర్పేయండి. రెండు వైపుల నుంచి వెలుతురు వస్తే ఈకల మధ్య నీడలు చెరిగిపోతాయి, ఆ నీడలే మనకు కావాలి.

కుర్చీ కాళ్ల దగ్గర నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఇది చాదస్తం కాదు. పుంజు నల్ల ఈకల మీద కనిపించే ఆకుపచ్చ మెరుపు రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు, ఈక లోపలి అతి సూక్ష్మ నిర్మాణం వెలుతురును విరిచి పంపడం వల్ల వచ్చింది. తల నాలుగు వేళ్లు పక్కకు జరిపితే ఆకుపచ్చ ఊదా అవుతుంది. రోజూ ఒకేచోట కూర్చోకపోతే నిన్న చూసిన రంగు ఇవాళ దొరకదు.

పాలపిట్ట నీలం కూడా నిర్మాణం ఇచ్చిన రంగే, అయితే కోణం మారినా ఇంతగా మారదు. ఈక పోగుల (కాడకు రెండువైపులా ఉండే సన్నని దారాల) లోపల గాలి గుళ్లున్న పొర నీలాన్ని వెనక్కి చిమ్ముతుంది, దాని కిందున్న నల్లని పదార్థం మిగతా వెలుతురును మింగేస్తుంది. అంటే చీకటి మీద కూర్చున్న నీలం అది. రంగు వేసేటప్పుడు ఇది పనికొస్తుంది.

మూడో అడుగు: కాగితం, సిరా, కుంచె

డ్యూరర్ వాడిన చర్మపత్రం నున్నగా, కొంచెం పసుపు కలిసిన తెలుపులో ఉంటుంది. దానికి దగ్గరగా వచ్చేది హాట్‌ప్రెస్ నీటిరంగుల కాగితం (వేడిగా నొక్కి నున్నగా చేసినది), 300 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు. గరుకు కాగితం మీద ఈక పోగు గీత తెగిపోతుంది. ఎంత అందంగా ఉన్నా చేతికాగితం ఈ పనికి పనికిరాదు. కాగితాన్ని పలక మీద నాలుగువైపులా టేపుతో అతికించి, ఎల్లో ఆకర్‌ను నీళ్లలో బాగా పలచగా కలిపి ఒకసారి పూసి ఆరనివ్వండి. తెల్లదనం చావాలి, పసుపు కనిపించకూడదు.

గీతకు పెన్సిల్ చాలు. ఆ కాలపు రుచి కావాలంటే గోధుమరంగు సిరా, కలం. అప్పటి సిరా మాచికాయ కషాయంలో అన్నభేది, బంక కలిపి చేసేవాళ్లు. మూడూ మన పచారీ, ఆయుర్వేద దుకాణాల్లో దొరుకుతాయి కాబట్టి సరదాకు చేసి చూడొచ్చు. కానీ ఆ సిరాలోని ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తింటుంది. మంచి బొమ్మ మీద వాడొద్దు.

కుంచెలు మూడు చాలు: 4, 1, 000 నంబర్లు. సింథటిక్‌వి తీసుకోండి. ముంగిస వెంట్రుకలతో చేసిన కుంచెలు ఇప్పటికీ దొంగచాటుగా అమ్ముతుంటారు. వాటి వ్యాపారం మన దేశంలో చట్టవిరుద్ధం.

నాలుగో అడుగు: లెక్కపెట్టడం

ఇది అసలు పని. తొందరపడితే మిగతాదంతా వృథా.

రెక్కను ముందేసుకుని కాగితం పక్కన పెట్టి, చేత్తో ఈకలను ఎత్తుతూ లెక్కపెట్టండి. కోడి రెక్క చివర, మన మణికట్టు తర్వాతి భాగానికి సాటివచ్చే చోటి నుంచి పది పెద్ద ఈకలు ఉంటాయి. అక్కడి నుంచి మోచేతి దాకా ఇంకో వరస. రెండు వరసలూ కలిసే చోట ఒక పొట్టి ఈక దాక్కుని ఉంటుంది, దాన్ని చాలామంది చూడనే చూడరు. మణికట్టు దగ్గర బొటనవేలికి సాటివచ్చే ఎముకను పట్టుకుని చిన్న గుత్తిగా కొన్ని ఈకలు విడిగా నిలబడతాయి. పెద్ద ఈకల మొదళ్లను కప్పుతూ పెంకుటింటి కప్పులా వరస మీద వరసగా చిన్న ఈకలు ఉంటాయి. వీటన్నిటినీ ఒక చిత్తుకాగితం మీద ముతకగా గీసి నంబర్లు వేయండి.

ఇప్పుడు ఎవరు ఎవరి మీద ఉన్నారో చూడండి. రెక్కను పైవైపు నుంచి చూస్తే శరీరానికి దగ్గరగా ఉన్న ఈక పైన, చివరి ఈక కింద. ప్రతి పెద్ద ఈకకూ గాలిని కోసే ముందు భాగం ఇరుకుగా, వెనక భాగం వెడల్పుగా ఉంటుంది. కాడ మధ్యలో ఉండదు, ముందుకు జరిగి ఉంటుంది. పైనుంచి మీకు కనిపించేది ఎక్కువగా ఆ ఇరుకు భాగమే, వెడల్పు భాగం పక్క ఈక కింద దాగుతుంది. కాడను ఈకకు నట్టనడుమ గీసిన రెక్క బొమ్మలు పుస్తకాల అట్టల మీద కూడా కనిపిస్తాయి. ఆ రెక్కతో ఏ పక్షీ ఎగరలేదు.

ఐదో అడుగు: గీత

అసలు కొలతలోనే గీయండి. డ్యూరర్ రెక్క చిన్నగా ఉండటానికి కారణం పాలపిట్ట రెక్క అంతే ఉండటం. జామెట్రీ బాక్సులోని డివైడర్ తీసుకుని రెక్క మీద కొలిచి అలాగే కాగితం మీద దించండి.

వరస ఇది. ముందు ఎముకల దారి: భుజం, మోచేయి, మణికట్టు, వేలికొన, పలచని విరుపుల గీత. తర్వాత ప్రతి పెద్ద ఈకకు కాడ ఒక్కటే, చివరిదాకా. కాడలు సమాంతరంగా ఉండవు, విసనకర్రలా విచ్చుకుంటాయి, పైగా ఒక్కొక్కటీ కొద్దిగా వంగి ఉంటుంది. కాడలన్నీ సరిగ్గా పడ్డాక ఈకల కొసలు, ఆ తర్వాత అంచులు. చిన్న ఈకలను మాత్రం పైవరస నుంచి కిందికి గీసుకురండి, కప్పేది ముందు, కప్పబడేది వెనక. అలా అయితే తుడవాల్సిన గీతలు తగ్గుతాయి.

అంచులు చక్కగా దిద్దాలనిపిస్తుంది. వద్దు. ఎక్కడ పోగులు విడిపోయి చీలిక ఏర్పడిందో, ఎక్కడ కొస అరిగిందో అలాగే వేయండి. కోత దగ్గర చిందరవందరగా ఉన్న నూగును కూడా వదలొద్దు. ఇది ఫలానా పక్షి రెక్క, ఒకానొక రోజు ఎవరో ఎదురుగా పెట్టుకుని చూసిన రెక్క అని చెప్పేవి అవే.

ఆరో అడుగు: రంగు

ఆ కాలపు పెట్టెలో అజురైట్ అనే నీలిరాయి పొడి, సీసపు తెలుపు, ఇంగిలీకం, ఆకర్ మట్టి, బొగ్గు నలుపు లాంటివి ఉండేవి. సీసపు తెలుపు, పాదరసం ఉన్న ఇంగిలీకం విషాలు. పొడి రూపంలో ఇంట్లోకి తేకండి. గువాష్ (కింది పొరను కప్పేసే చిక్కటి నీటిరంగు) ట్యూబులు తెచ్చుకోండి: అల్ట్రామెరీన్, కోబాల్ట్ బ్లూ, సెరూలియన్, ఎల్లో ఆకర్, బర్న్ట్ సియన్నా, బర్న్ట్ అంబర్, ఐవరీ బ్లాక్, టైటానియం వైట్.

సొంతంగా రంగు నూరుకోవాలన్న కోరిక ఉంటే విషం లేని మట్టిరంగులతో తీర్చుకోండి. శుభ్రమైన తుమ్మబంక ఒక వంతు, వేడినీళ్లు రెండు వంతులు కలిపి రాత్రంతా నానబెట్టి పలచటి గుడ్డలో వడకట్టండి. అందులో కొద్దిగా తేనె వేస్తే ఎండాక పెళుసుబారదు, ఒక చుక్క లవంగనూనె వేస్తే బూజు పట్టదు. రంగుపొడిని గాజుపలక మీద ఈ బంకనీళ్లతో మెత్తగా నూరాలి. గీసి ఆరాక వేలితో రుద్దితే రంగు అంటుకుంటే బంక చాలలేదని, పెళుసుగా పగిలితే ఎక్కువైందని అర్థం.

ఇక పూయడం. మొదటి పూత పలచగా, ఒక్కో ఈకల గుంపుకు ఒక్కో రంగు, చదునుగా. నీడలు ఇప్పుడే వద్దు. పూర్తిగా ఆరాక రెండో పూత: ఒక ఈక ఇంకో ఈక కిందకు దూరే సందులో మాత్రమే ముదురు రంగు పెట్టి, తడికుంచెతో బయటివైపు అంచును చెరపండి. ఇక్కడికి వచ్చేసరికి రెక్క కాగితం మీద నుంచి లేవడం మొదలవుతుంది. అలా జరగకపోతే ఆగి నాలుగో అడుగుకు తిరిగి వెళ్లండి, లోపం రంగులో ఉండదు.

మూడో పూతలో 000 కుంచెతో పోగులు. కాడ నుంచి ఈక కొస వైపు ఏటవాలుగా పోతాయి. కుంచెను కాడ దగ్గర ఆనించి అంచు వైపు తేలిగ్గా లాగి ఎత్తేయాలి. ప్రతి పోగూ గీయాలని కూర్చుంటే బొమ్మ బిగుసుకుపోతుంది. వెలుతురు పడ్డచోట గీతలు ఎక్కువ, నీడలో దాదాపు ఏమీ ఉండకూడదు. చివరగా తెలుపు: కాడల వెలుతురు వైపు ఒక సన్నగీత, కొన్ని అంచుల మీద మెరుపు. తెలుపును కాస్త ఆకర్‌తో చల్లార్చండి, టైటానియం తెలుపు అలాగే వాడితే సున్నం కొట్టినట్టు కళ్లకు గుచ్చుకుంటుంది.

నల్ల ఈకల ఆకుపచ్చ మెరుపుకు కిటుకు: ముందు నలుపు, గోధుమ కలిపి ముదురుగా పూసి ఆరనిచ్చి, దాని మీద సెరూలియన్, ఆకర్ కలిపిన ఆకుపచ్చను పొడికుంచెతో మెరుపు ఉన్నచోట మాత్రమే రుద్దండి. నేరుగా ఆకుపచ్చ పూస్తే చిలక రెక్క అవుతుంది.

ఏడో అడుగు: బొమ్మ పక్కన రాత

ఖాళీ అంచులో పక్షి పేరు, ఆడదో మగదో, ఎడమ రెక్కో కుడిదో, ఊరు, తేదీ, తాజాదా ఎండినదా అన్నది రాయండి. గెస్నర్ ఒక్కో పక్షికి పలు భాషల పేర్లు పోగేశాడు. మీ ప్రాంతపు పేరు రాయడం ఆ దారిలోదే. అన్నిటికంటే ముఖ్యంగా, మీరు చూడనిదేమిటో రాయండి.

ఎందుకంటే, 1522లో, భూమిని చుట్టొచ్చిన మాగెల్లాన్ నౌకల దండులో మిగిలిన ఓడ విక్టోరియా స్పెయిన్‌కు తిరిగొచ్చినప్పుడు తూర్పు దీవుల నుంచి స్వర్గపక్షుల చర్మాలు తెచ్చింది. అక్కడివాళ్లు చర్మం ఎండబెట్టేటప్పుడు కాళ్లు తీసేసేవాళ్లు. ఓడలో వెళ్లొచ్చిన పిగఫెట్టా వాటికి కాళ్లున్నాయని రాసినా ఐరోపా వినలేదు. కాళ్లు లేని పక్షి, నేల మీద వాలకుండా ఎప్పుడూ గాల్లోనే ఉంటుందని కథ అల్లుకున్నారు, బొమ్మలూ అలాగే వేశారు. 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ వీటిలో ఒక జాతికి పెట్టిన శాస్త్రీయ నామం 'అపోడా'కు అర్థం కాళ్లు లేనిది అనే. చిత్రకారులు అబద్ధం గీయలేదు, ఎదురుగా ఉన్నదే గీశారు. "ఎండిన చర్మం చూసి వేసింది, కాళ్లు లేవు" అని పక్కన ఒక ముక్క ఉండి ఉంటే సరిపోయేది. డ్యూరర్ కూడా చూసి వేసినప్పుడు ఒక మనిషి, విని వేసినప్పుడు ఇంకో మనిషి. 1515లో లిస్బన్‌కు మన దేశం నుంచి చేరిన ఖడ్గమృగాన్ని ఆయన చూడనే లేదు. వచ్చిన వర్ణనను బట్టి చెక్క అచ్చుకు బొమ్మ వేస్తూ దాని వీపు మీద లేని చిన్న కొమ్ము ఒకటి పెట్టాడు. ఆ కొమ్ము తర్వాతి పుస్తకాల్లోకీ పాకింది.

అచ్చుకు ఇవ్వాలంటే

ఆ కాలపు పక్షుల పుస్తకాల్లోని బొమ్మలు చాలావరకు చేత్తో వేసిన బొమ్మలకు నకళ్లు. చెక్క దిమ్మె మీద గీత మిగిలేలా చుట్టూ చెక్కి, సిరా పూసి అచ్చు తీసేవాళ్లు. రంగులు కావాలంటే అచ్చయ్యాక చేత్తో దిద్దించేవాళ్లు. ఇప్పుడు చెక్కకు బదులు మెత్తగా తెగే లినోలియం పలక మీద ప్రయత్నించవచ్చు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి గీతను ట్రేసింగ్ కాగితం మీద తిప్పి దించుకోవాలి. అది మరిచిపోతే ఎడమ రెక్క కుడి రెక్క అయిపోతుంది.

పాలపిట్ట ఎప్పుడు

కోడి రెక్క వేయడం చేతికి అలవాటయ్యాక డ్యూరర్ బొమ్మకు నకలు వేయండి. మ్యూజియం వెబ్‌సైటులో పెద్ద చేసి చూడవచ్చు. నకలు వేయడం చిన్నతనం కాదు. ఆయన పోయిన యాభై ఏళ్ల తర్వాత న్యూరెంబర్గ్‌లోనే హాన్స్ హాఫ్‌మన్ అనే చిత్రకారుడు డ్యూరర్ జంతువుల బొమ్మలకు నకళ్లు వేస్తూనే పేరు తెచ్చుకున్నాడు. నీలం వేసేటప్పుడు పెద్ద ఈకలకు ముందు నలుపు కలిసిన ముదురు పూత, దాని మీద అల్ట్రామెరీన్. కప్పు ఈకల లేత నీలానికి సెరూలియన్‌లో తెలుపు, చిటికెడు ఆకర్.

ఆ తర్వాత బతికున్న పాలపిట్ట దగ్గరికి వెళ్లండి. పొలాల మధ్య కరెంటు తీగల మీద, ఎండిన కొమ్మల మీద చాలాసేపు కదలకుండా కూర్చుంటుంది, ఎనిమిది రెట్ల బైనాక్యులర్ చాలు. కూర్చున్నప్పుడు ఒళ్లంతా గోధుమ, బూడిద రంగుల్లో సాదాగా కనిపిస్తుంది. నేల మీది పురుగు కోసం దూకినప్పుడు రెక్క విచ్చుకుని ముదురు, లేత నీలాల పట్టీలు బయటపడతాయి, అదీ ఒకటి రెండు క్షణాలే. ఆ క్షణంలో పట్టీల వరస ఒక్కటే గుర్తుపెట్టుకుని వెంటనే గీసుకోండి. నోటుపుస్తకంలో ముందే ఒక ఖాళీ రెక్క ఆకారం గీసి పెట్టుకుంటే అందులో నింపడం తేలిక.

దాచడం

గువాష్ మీద వార్నిష్ పూయొద్దు, రంగులు ముదిరిపోతాయి. ఆమ్లం లేని కాగితాల మధ్య, అట్టపెట్టెలో, సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. వానాకాలంలో నెలకోసారి తీసి బూజు చూసుకోండి. గోడకు తగిలించాలంటే బొమ్మకూ గాజుకూ మధ్య మందపాటి అట్ట చట్రం ఉండాలి, ఎండ పడే గోడ కాకూడదు. ఆల్బర్టీనా కూడా డ్యూరర్ నీటిరంగుల అసళ్లను వెలుతురు భయంతో చాలా అరుదుగానే బయటికి తీస్తుంది. మీరైతే బొమ్మను స్కాన్ చేసుకుని ఆ ప్రతిని గోడకు పెట్టుకోండి.